కృష్ణ ఒడ్డున హాస్టల్ పని, ట్యూబింగ్: తరచుగా అడిగే ప్రశ్నలు

డిగ్రీ అయిపోయి ఉద్యోగం రాకముందు, లేదా ఒక ఉద్యోగం మానేసి ఇంకోటి వెతుక్కునే మధ్యలో, నాలుగు ఊళ్లు చూసి రావాలనుకునే పిల్లలు మన జిల్లాల్లో ఇప్పుడు చాలామంది ఉన్నారు. చేతిలో డబ్బు ఉండదు. అందుకే ఏదైనా హాస్టల్‌లో పనిచేస్తూ, అక్కడే తిని, పడుకుని, కొన్నాళ్లకు ఇంకో ఊరికి వెళ్లే పద్ధతి గురించి అడుగుతుంటారు. నేను కర్ణాటకలో, హిమాచల్‌లో ఇలాగే పనిచేశాను. ఇప్పుడు కొల్లాపూర్ వైపు, శ్రీశైలం బ్యాక్‌వాటర్ ఒడ్డున ఒక చిన్న బసలో అతిథుల సంగతీ నీళ్ల సంగతీ చూసుకుంటున్నాను. నల్లగొండ, మహబూబ్‌నగర్, వనపర్తి, నాగర్‌కర్నూల్ పిల్లలు ఎక్కువగా అడిగే వాటికి ఇక్కడ జవాబులు రాస్తున్నాను. నీళ్ల గురించిన భాగం, అంటే గాలి నింపిన రబ్బరు ట్యూబ్ మీద తేలే ట్యూబింగ్ గురించినది, పొడుగ్గా ఉంటుంది. మిగతాది వదిలేసినా అది మాత్రం పూర్తిగా చదవండి.

బ్యాక్‌ప్యాకర్స్ హాస్టల్ అంటే లాడ్జీ లాంటిదేనా?

లాడ్జీలో గది అద్దెకిస్తారు, ఇక్కడ మంచం అద్దెకిస్తారు. ఒక గదిలో ఒకదాని మీద ఒకటి ఉండే మంచాలు నాలుగో, ఆరో, పదో ఉంటాయి. సామాన్లకు తాళం వేసుకునే అర ఒకటి ఇస్తారు. బాత్రూములు, వంటగది, కూర్చునే హాలు అందరివీ. ఒంటరిగా తిరిగేవాళ్లకు ఖర్చు తగ్గుతుంది, తోడు దొరుకుతుంది.

పని ఏం ఉంటుంది?

ఫోటోల్లో కనిపించేది నది, ఉయ్యాల, రాత్రి చలిమంట. పని మాత్రం దుప్పట్లు మార్చడం, బాత్రూములు కడగడం, పొద్దున్నే మోటార్ వేసి ట్యాంకు నిండిందో లేదో చూడటం, కరెంటు పోతే ఇన్వర్టర్ సంగతి చూడటం, రాత్రి ఆలస్యంగా వచ్చినవాళ్లకు తలుపు తీసి ఇంత అన్నం పెట్టడం. వచ్చిన ప్రతి మనిషి గుర్తింపు కార్డు చూసి రిజిస్టర్‌లో రాయాలి. విదేశీయులు దిగితే వాళ్ల వివరాలు 24 గంటల్లో ఆన్‌లైన్‌లో పంపాలి. ఇది చట్టం, మొహమాటానికి వదిలేసేది కాదు.

పల్లెలో ఉన్న హాస్టల్‌లో పట్నంలో లేని పని ఒకటి ఉంటుంది. అది చెత్త. అతిథులు తెచ్చే ప్లాస్టిక్ సీసాలు, చిప్స్ కవర్లు గాలికి ఎగిరి నీళ్లలో పడతాయి, చేపల వలల్లో చిక్కుతాయి. రోజూ సాయంత్రం ఒడ్డంతా తిరిగి ఏరి, తడి చెత్త, పొడి చెత్త వేరుచేసి, పంచాయతీ ట్రాక్టర్ వచ్చే వేళకు బయట పెట్టాలి. ఈ పని చేయడానికి ఇష్టపడేవాళ్లు మిగతా పనులన్నీ బాగానే చేస్తారని నా అనుభవం.

జీతం ఇస్తారా?

ఎక్కువ చోట్ల ఇవ్వరు. రోజుకు నాలుగైదు గంటల పనికి బదులుగా మంచం, ఒకటో రెండో పూటల తిండి, వారానికి ఒక రోజో రెండు రోజులో సెలవు ఇస్తారు. ఎన్ని గంటలు, ఏయే పూటల తిండి, ఎన్నాళ్లు, మధ్యలో వెళ్లిపోవాల్సి వస్తే ఎలా అన్నది రాకముందే వాట్సాప్‌లోనైనా రాయించుకోండి. పొద్దంతా పని చెబుతూ మంచం మాత్రమే ఇస్తామంటే అది వాలంటీర్ పని కాదు. జీతం అడగండి, ఇవ్వకపోతే బయటికి వచ్చేయండి.

ఇందులో నాకు గట్టిగా అనిపించే సంగతి ఒకటి ఉంది. ఊరి మనిషికి కూలి ఇచ్చి చేయించుకోవాల్సిన పనిని, ఊరికే చేస్తారు కదా అని మీతో చేయించే చోటికి వెళ్లకండి. కూలి కోసం ముంబై, పుణె దాకా వలస పోయిన జిల్లా మనది. బట్టలుతికే పని, వంట పని, పడవ పని ఊరివాళ్లకే దక్కాలి. రిజిస్టర్ రాయడం, అతిథులతో ఇంగ్లిష్‌లోనో హిందీలోనో మాట్లాడటం, ఫోటోలు తీయడం, బుకింగ్‌లు చూడటం వంటివి మీరు చేయండి.

ఊళ్లో ఎలా ఉండాలి? పొరుగువాళ్లు ఏమంటారు?

మీరు ఏ నేల మీద ఉన్నారో ముందు తెలుసుకోండి. శ్రీశైలం ప్రాజెక్టు కట్టినప్పుడు ఈ ఒడ్డున ఎన్నో ఊళ్లు మునిగాయి. కొల్లాపూర్ దగ్గరి సోమశిలలో ఇప్పుడు చూసే సోమేశ్వరుడి గుళ్లు మునిగే చోటు నుంచి రాయి రాయి విప్పి పైకి తెచ్చి మళ్లీ కట్టినవి. జటప్రోలు మదనగోపాలస్వామి గుడి కూడా అంతే. గుళ్లు పైకొచ్చాయి, పొలాలు రాలేదు. ముంపు కుటుంబాలకు ఉద్యోగాల కోసం ఇచ్చిన 98వ జీవో గురించి ఇక్కడి పెద్దవాళ్లు ఇప్పటికీ మాట్లాడుకుంటారు. మీరు ట్యూబ్ మీద తేలే నీళ్ల కింద ఎవరో ఒకరి చేను ఉంది. అది మనసులో పెట్టుకుంటే ఒడ్డున పెద్దగా పాటలు పెట్టడం, ఈత బట్టలతో ఊరి మధ్య నుంచి నడవడం వాటంతట అవే మానేస్తారు.

చేపలు పట్టేవాళ్లతో పరిచయం పెంచుకోండి. పొద్దున వలలు తీసి ఒడ్డుకు వచ్చే వేళకు వెళ్లి "అన్నా, ఇయ్యాల నీళ్లెట్లున్నయ్?" అని అడగండి. ఏ యాప్‌లోనూ దొరకని సమాచారం అక్కడ దొరుకుతుంది. నల్లగొండ జిల్లాలో సాగర్ బ్యాక్‌వాటర్ ఒడ్డున వైజాగ్ కాలనీకి వెళ్లినా ఇదే మాట. అక్కడి జాలరి కుటుంబాలు నీటిని చదివినట్టు మనం చదవలేం.

ట్యూబింగ్ అంటే ఏమిటి? కృష్ణలో చేయొచ్చా?

గాలి నింపిన పెద్ద రబ్బరు ట్యూబ్‌లో కూర్చుని నీటి మీద తేలుతూ పోవడం. నెమ్మదిగా పారే చిన్న నదిలో పై నుంచి దిగి కింద ఒక చోట ఒడ్డుకు చేరతారు. దీనికి ప్రపంచంలో బాగా పేరు మోసిన చోటు లావోస్‌లోని వాంగ్ వియెంగ్, అక్కడి నామ్ సాంగ్ నది. మనకు దగ్గర్లో కర్ణాటకలోని దండేలి వైపు కాళీ నది మీద ఇలాంటివి నడుస్తాయి.

కృష్ణ సంగతి వేరు. జూరాల కింద, బీచుపల్లి వైపు నది నదిలాగే పారుతుంది. అక్కడ పారే నీళ్లలో ట్యూబ్ వేయొద్దనే నేను చెబుతాను. పైన గేట్లు ఎత్తినా, పవర్‌హౌస్ నడిచినా నీళ్లు ఉన్నట్టుండి పెరుగుతాయి. బండల మధ్య ప్రవాహం మళ్లుతుంది. శ్రీశైలం, సాగర్ డ్యాముల కింద అయితే ఆలోచన కూడా చేయకండి. 2014 జూన్ 8న హిమాచల్‌లో బియాస్ నది మధ్య బండల మీద ఫోటోలు దిగుతున్న హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది, పైన డ్యాం నుంచి వదిలిన నీళ్లలో కొట్టుకుపోయారు. వాళ్లు నీళ్లలోకి దూకలేదు, ఈత పందేలు పెట్టుకోలేదు. మోకాలు లోతు కూడా లేని చోట నిలబడ్డారు, అంతే. మన ఇళ్ల పిల్లలు వాళ్లు. డ్యాం కింద నది ఖాళీగా కనిపిస్తే నాకు మొదట గుర్తొచ్చేది వాళ్లే.

సోమశిల దగ్గర ఉన్నది నిలువ నీరు. అక్కడ ట్యూబ్ మీద పారుతూ పోవడం ఉండదు, ఒడ్డుకు దగ్గరగా తేలుతూ ఉండటమే. తాడు కట్టి హద్దు పెట్టిన చోట, లైఫ్ జాకెట్ వేసుకుని, పక్కన మనిషితో పాటు ఒక పుట్టి గానీ పడవ గానీ సిద్ధంగా ఉంటే చేయొచ్చు. దానికీ అనుమతులు కావాలి. జలాశయం నీటిపారుదల శాఖది. ఒడ్డు అమ్రాబాద్ పులుల అభయారణ్యంలోకి వస్తే అటవీ శాఖది. అనుమతి ఉందా అని మీరు పనిచేయబోయే చోట అడగండి. జవాబు నసుగుతూ వస్తే నీళ్ల పని ఒప్పుకోకండి, హాస్టల్ లోపలి పని వరకే చేయండి.

ప్రవాహం లేని నీళ్లలో భయమేముంది?

గాలి. ట్యూబ్ తేలిక, నీటి మీద లేచి ఉంటుంది, గాలికి తెరచాపలా పనిచేస్తుంది. మధ్యాహ్నం దాటాక ఒడ్డు నుంచి లోపలికి గాలి మళ్లితే, కళ్లు మూసుకుని పడుకున్న మనిషి పది నిమిషాల్లో చేతులతో తెడ్డేసుకుని తిరిగి రాలేనంత దూరం పోతాడు. అప్పుడు కంగారుపడి ట్యూబ్ వదిలి ఈదడం మొదలుపెడితే అసలు ప్రమాదం అక్కడ మొదలవుతుంది. అందుకే తాడు హద్దు. గాలి తోసుకుపోయినా ట్యూబ్ మాత్రం వదలొద్దని దిగేముందు ప్రతి అతిథితో నోరారా చెప్పిస్తాను.

రెండోది అడుగు. ఇది సహజంగా ఏర్పడ్డ చెరువు కాదు. నీళ్ల కింద పాత గోడలు, చెట్ల మొద్దులు, బావులు ఉన్నాయి. నీటిమట్టం మారిన కొద్దీ నిన్న లోతుగా ఉన్న చోట ఇవాళ మొద్దు పైకి వస్తుంది. తలకిందులుగా దూకడం ఎక్కడా ఒప్పుకోం. మూడోది వలలు. సన్నటి నైలాన్ వల నీళ్లలో కనిపించదు, కాలికి చుట్టుకుంటే తన్నిన కొద్దీ బిగుస్తుంది. నాలుగోది బురద. ఎండాకాలం నీళ్లు వెనక్కి పోయాక పైన ఎండి పగిలిన ఒడ్డు గట్టిగానే కనిపిస్తుంది, అడుగేస్తే తొడ దాకా దిగిపోతుంది.

ఏ నెలల్లో బాగుంటుంది?

నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా. నీళ్లు నిండుగా, తేటగా ఉంటాయి, ఎండ ఓర్చుకోవచ్చు.

జూలై నుంచి అక్టోబర్ దాకా నీళ్లలోకి ఎవరినీ దింపం. ఇక్కడ చుక్క వాన లేకపోయినా, ఆకాశం నీలంగా ఉన్నా, మహారాష్ట్రలో పడిన వాన ఆల్మట్టి, నారాయణపూర్, జూరాల దాటి మన దగ్గరికి వస్తుంది. అటు నుంచి తుంగభద్ర కలుస్తుంది. శ్రీశైలం పూర్తి నీటిమట్టం 885 అడుగులు. వరద రోజుల్లో ఆ అంకె ఎలా పెరుగుతోందో పేపర్లలో, టీవీలో రోజూ వస్తుంది. ఇక్కడ పనిచేసేవాళ్లు వాట్సాప్ చూసినట్టే దాన్నీ చూడాలి. ఆ కాలంలో పని లేదని కాదు. వరద చూడటానికి జనం బాగా వస్తారు, వాళ్లను ఒడ్డుకు దూరంగా ఉంచడమే పెద్ద పని.

మార్చి నుంచి మే దాకా పొద్దున పూట మాత్రమే. మధ్యాహ్నం ఎండకు వడదెబ్బ భయం, సాయంత్రం గాలిదుమారం, పిడుగుల భయం. ఉరుము వినిపిస్తే అందరూ బయటికి రావాలి, చివరి ఉరుము విన్న అరగంట దాకా మళ్లీ దిగకూడదు.

ఈత రాదు. ట్యూబ్ ఉంది కదా, సరిపోదా?

సరిపోదు. ట్యూబ్ జారుతుంది, తిరగబడుతుంది, గాలి పోతుంది. లైఫ్ జాకెట్ ఒంటికి అంటుకుని ఉంటుంది. భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగితే గడ్డం దాటి పైకి రాకూడదు, వస్తే అది మీకు వదులు. బకిల్స్ అన్నీ పెట్టుకోవాలి. ఈత వచ్చినవాళ్లకూ ఇదే నియమం. ఊరి బావిలో మెట్ల దాకా ఈదిన ఈత వేరు, ఒడ్డు కనిపించని నీళ్లలో అలిసిపోయాక ఈదడం వేరు.

నీళ్ల దగ్గర పనిచేయాలనుకునే మీకు మాత్రం ఈత కచ్చితంగా రావాలి. రాకపోతే లోపలి పనికి రండి, తీరిక వేళల్లో నేర్చుకోండి.

లారీ ట్యూబ్ వాడొచ్చా?

వాడతారు. పంక్చర్ షాపులో పాత ట్యూబ్ తక్కువకే దొరుకుతుంది. కానీ చూసుకోవాల్సినవి ఉన్నాయి. గాలి కొట్టే వాల్వ్ లోహపుది, పొడుగ్గా పైకి ఉంటుంది. వీపుకో తొడకో గీసుకుంటే లోతుగా తెగుతుంది. దాన్ని కిందికి మళ్లించి గుడ్డ చుట్టి కట్టాలి. నల్ల రబ్బరు ఎండలో కాలుతుంది, లోపలి గాలి వ్యాకోచించి పాత అతుకుల దగ్గర పగలొచ్చు. ఎండలో పడేయకుండా నీడలో ఉంచి, కొంచెం తక్కువ గాలే కొట్టండి. ట్యూబ్‌ను నడుముకు తాడుతో కట్టుకోవడం ఎవరూ చేయొద్దు. తిరగబడితే ఆ తాడే మనిషిని తలకిందులుగా పట్టి ఉంచుతుంది. రోజూ దించే ముందు నీళ్లలో ముంచి బుడగలు వస్తున్నాయేమో చూడండి.

కృష్ణ వద్దంటే వాగుల్లో చేయొచ్చా? దుందుభి, మూసీ, హాలియా వాగు?

వాన పడ్డాక వాగు నిండుగా పారుతుంటే చూడముచ్చటగా ఉంటుంది. అయినా వద్దు. మన వాగుల మీద ఇప్పుడు అడుగడుగునా చెక్‌డ్యాములు ఉన్నాయి. చెక్‌డ్యాం మీద నుంచి పడే నీళ్లు కింద తిరిగి గోడ వైపే సుడి తిరుగుతాయి. అందులో పడ్డ ట్యూబ్ గానీ మనిషి గానీ బయటికి రాకుండా అక్కడే తిరుగుతూ ఉంటారు. పడేది మూడు అడుగుల ఎత్తు నుంచే కదా అనిపిస్తుంది, గజ ఈతగాళ్లు కూడా బయటపడలేకపోయిన చోట్లు అవి. పై నుంచి తేలుతూ వచ్చేవాడికి ఆ గోడ దగ్గరికి వచ్చేదాకా కనిపించదు కూడా.

ఇసుక తవ్విన గుంతలు ఇంకో ప్రమాదం. మోకాలు లోతులో నడుస్తూ ఒక్క అడుగుకే మునిగిపోతారు. ఒడ్డున సర్కారు తుమ్మ కొమ్మలు నీళ్లలోకి వంగి ఉంటాయి. నీళ్లు వాటి సందుల్లోంచి పోతాయి, మనిషి ఇరుక్కుంటాడు. ప్రవాహంలో పడితే నిలబడటానికి చూడకండి, బండల మధ్య పాదం చిక్కితే నీళ్లు ముందుకు తోసి ముంచుతాయి. వెల్లకిలా పడుకుని, కాళ్లు ముందుకు పెట్టి, ఏటవాలుగా ఒడ్డు వైపు చేతులు వేస్తూ రండి.

రెండు బీర్లు తాగి ట్యూబ్ ఎక్కితే ఏమవుతుంది?

వాంగ్ వియెంగ్‌లో ఏమైందో చెబుతాను. నది పొడవునా బార్లు వచ్చాయి, పై నుంచి దూకే ఊయలలు, జారుడు బల్లలు వచ్చాయి. ప్రపంచం నలుమూలల నుంచి వచ్చిన కుర్రాళ్లు తాగి తేలేవాళ్లు. 2011 ఒక్క ఏడాదిలోనే అక్కడ కనీసం 27 మంది పర్యాటకులు చనిపోయారు. 2012లో లావోస్ ప్రభుత్వం ఒడ్డున ఉన్న బార్లను మూయించింది. నది అంతకుముందూ అదే, ఆ తర్వాతా అదే. వాసన వస్తే ట్యూబ్ ఇవ్వం. మధ్యాహ్నం కల్లు తాగి వచ్చినవాళ్లకైనా అంతే.

అతిథి డబ్బు కట్టాను, దిగుతానంటే ఏం చేయాలి?

వద్దనాలి. మీ ఉద్యోగంలో అసలైన భాగం ఇదే. హైదరాబాద్ నుంచి అంత దూరం వచ్చి, గాలి ఎక్కువగా ఉందని దించకపోతే కోపం వస్తుంది, రేటింగ్ తక్కువ ఇస్తామంటారు. గొంతు పెంచకుండా, కారణం చెప్పి, నీళ్ల డబ్బులు అక్కడికక్కడే తిరిగివ్వండి. తిరిగిచ్చే అధికారం మీకుందని యజమానితో ముందే మాట్లాడుకోండి. ఆ అధికారం ఇవ్వని యజమాని దగ్గర నీళ్ల పని చేయకండి. తర్వాత వాళ్లను ఊరికే వదిలేయకుండా గుళ్ల వైపో, చేపల పులుసు వండే ఇంటికో తీసుకెళ్లండి. చాలామంది సాయంత్రానికి మెత్తబడతారు. 2007లో కొల్లాపూర్ ప్రాంతంలో మంచాలకట్ట దగ్గర పడవ మునిగి పదుల సంఖ్యలో ప్రాణాలు పోయాయి. ఈ ఒడ్డున ఉన్నవాళ్లెవరూ ఆ రోజును మరిచిపోలేదు. వాళ్ల ముందు మనం రేటింగ్ గురించి ఆలోచించకూడదు.

ఎవరైనా మునుగుతుంటే?

వెంటనే దూకకండి. అరిచి మనుషుల్ని పిలవండి, ట్యూబ్, తాడు, మూత బిగించిన ఖాళీ ఇరవై లీటర్ల క్యాన్, ఏది దొరికితే అది విసరండి. కర్రో చున్నీయో అందించండి. మునిగే మనిషి కాపాడటానికి వచ్చినవాణ్ని గట్టిగా పట్టుకుని ఇద్దరూ మునగడం తరచూ జరుగుతుంది.

బయటికి తీశాక పలకకపోతే, ఊపిరి లేకపోతే, పొట్ట నొక్కి నీళ్లు కక్కించడం, తలకిందులుగా పట్టి తిప్పడం చేయొద్దు. అలా ప్రాణాన్ని నిలిపే నిమిషాలు పోతాయి. వెల్లకిలా పడుకోబెట్టి, తల కొంచెం వెనక్కి వంచి, ముక్కు మూసి నోటితో రెండుసార్లు ఊపిరి ఊదండి. తర్వాత ఛాతీ మధ్యలో రెండు చేతులతో బలంగా, అయిదు సెంటీమీటర్లు దిగేలా 30 సార్లు నొక్కండి, మళ్లీ రెండు ఊపిర్లు. 108 వచ్చేదాకా ఆపకండి. తేరుకుని కూర్చున్నా ఆసుపత్రికి తీసుకెళ్లాలి, ఊపిరితిత్తుల్లోకి నీళ్లు పోయినవాళ్లకు కొన్ని గంటల తర్వాత కూడా ఆయాసం రావొచ్చు. ఇది చదివి రాదు, ఎవరైనా నేర్పితే బొమ్మ మీద చేసి నేర్చుకోండి.

ఆడపిల్లను, ఒక్కదాన్నే వచ్చి పనిచేయొచ్చా?

చేయొచ్చు, చేస్తున్నారు. ఆడవాళ్లకు వేరే గది, లోపలి గడియ, వేరే బాత్రూం ఉన్నాయా అడగండి. అంతకుముందు అక్కడ పనిచేసిన అమ్మాయితో ఫోన్‌లో మాట్లాడించమనండి. దానికి ఒప్పుకోని చోటు మీకొద్దు. రాత్రి ఒక్కరే రిసెప్షన్‌లో కూర్చునే పని ఒప్పుకోకండి. 112 నంబరు, దగ్గరి పోలీస్ స్టేషన్ నంబరు ఫోన్‌లో ఉంచుకోండి. ఊళ్లో ఒక పెద్దమ్మతో స్నేహం చేసుకోండి. ఆమె "మా పిల్ల" అన్న రోజు నుంచి ఊరి చూపే మారిపోతుంది.

ఇంట్లో ఒప్పుకోవడం లేదు.

నాన్నకు యజమాని నంబరు ఇచ్చి మాట్లాడించండి. వీలైతే ఒక ఆదివారం అమ్మానాన్నలను వెంటబెట్టుకుని వచ్చి చూపించండి. జొన్నరొట్టె తిని, గుళ్లు చూసి, మీరు పడుకునే చోటు కళ్లారా చూశాక సగం టెన్షన్ పోతుంది. దాచి రావడం మాత్రం వద్దు.

విదేశాల్లో ఇలా పనిచేయొచ్చా?

టూరిస్ట్ వీసా మీద వద్దు. జీతం లేకపోయినా, మంచానికి బదులు పనిచేసినా చాలా దేశాలు దాన్ని పనిగానే చూస్తాయి. పట్టుబడితే వెనక్కి పంపుతారు, తర్వాత వీసా కష్టం. సరైన దారి ఆస్ట్రేలియా సబ్‌క్లాస్ 462 వీసా, అంటే కొన్నాళ్లు అక్కడ తిరుగుతూ పనీ చేసుకోనిచ్చే వీసా. 2024 నుంచి మనవాళ్లకూ తెరిచారు. 18 నుంచి 30 ఏళ్ల మధ్యవాళ్లకు ఏడాదికి 1,000 మందికి అవకాశం, లాటరీ పద్ధతిలో ఎంపిక. ఇంగ్లిష్ పరీక్ష, చదువు, చేతిలో డబ్బు చూపించాలి. ఏజెంట్‌కు లక్షలు ఇస్తే ఖాయమన్నది అబద్ధం, లాటరీని ఎవరూ మార్చలేరు. మన దగ్గరికి టూరిస్ట్ వీసా మీద వచ్చిన విదేశీయులను పనికి పెట్టుకోవడమూ అంతే తప్పు.

ఎలా చేరుకోవాలి? సెలవు రోజు ఎక్కడికి వెళ్లొచ్చు?

హైదరాబాద్ నుంచి గానీ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ నుంచి గానీ కొల్లాపూర్‌కు ఆర్టీసీ బస్సు పట్టుకోండి. అక్కడి నుంచి సోమశిలకు ఆటో దొరుకుతుంది. సెలవు రోజు జటప్రోలు, కొల్లాపూర్ సంస్థానం కోట, అచ్చంపేట వైపు ఉమామహేశ్వరం, మల్లెల తీర్థం చూడొచ్చు. నల్లమలలో శ్రీశైలం రోడ్డు రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూసి ఉంటుంది, మన్ననూర్ చెక్‌పోస్ట్ దగ్గర ఆగిపోకుండా వేళ చూసుకోండి. మే నెలలో వస్తే కొల్లాపూర్ మామిడి తినకుండా వెళ్లకండి.

ఏం తెచ్చుకోవాలి?

తొందరగా ఆరే బట్టలు, నిండు చేతుల చొక్కా, టోపీ, నీళ్లలో జారని వెనక పట్టీ ఉన్న చెప్పులు, తాళం, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, రోజూ వేసుకునే మందులు, ఆధార్ కాపీ. మంచి టార్చి తప్పకుండా తెచ్చుకోండి. చీకటి పడ్డాక ఒడ్డున, గడ్డిలో పాములు, తేళ్లు ఉంటాయి, ఫోన్ వెలుగు సరిపోదు. పాము కరిస్తే కోయడం, తాడు బిగించడం, మంత్రం వేయించడం చేయకుండా కాలు కదపనీయకుండా నేరుగా ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఒక ఈల కూడా తెచ్చుకోండి, లైఫ్ జాకెట్‌కు కట్టుకోవడానికి. నీళ్ల మీద అరుపు కన్నా ఈల దూరం వినిపిస్తుంది.